దుబాసీ నేనే, ముద్దాయీ నేనే

కరోనా ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది జూన్ నెలలో నన్ను ఒడిశాలోని బరంపురం వేశారు. హోదా ఫీల్డ్ వర్కర్, విభాగం బధిరుల పరిచర్య, గడువు ఒక్క సంవత్సరం. ఉద్యోగ విరమణకు ముందు అదే నా ఆఖరి పోస్టింగ్. మా మిషన్‌లో అంతస్తులు ఇలా ఉంటాయి: కింద ఫీల్డ్ వర్కర్, ఆ పైన ప్రాంతీయ సూపర్వైజర్, ఆయన పైన హెడ్డాఫీసు. ఫీల్డ్ వర్కర్ తిరుగుతుంది, సూపర్వైజర్ వచ్చి చూస్తారు, హెడ్డాఫీసు ఫలమేదని అడుగుతుంది. ఫలమంటే మా భాషలో రక్షణ పొందిన ఆత్మలు. ఎన్ని ఆత్మలు వస్తే ఆ పరిచర్యకు అంత ఆయుష్షు.

అంతకు ముందు శ్రీకాకుళం వైపు ఒక బధిర పిల్లల బడిలో చాలాకాలం టీచరుగా చేశాను. సైగల భాష అక్కడే అబ్బింది. పోస్టింగ్ కబురు తెలిసి మా ఆడపడుచు, "చెవిటివాడి ముందు శంఖం ఊదడానికి జీతం కూడా ఇస్తారా వదినా?" అంది. నాకు ఒళ్ళు మండింది. శంఖం అక్కర్లేదు, చేతులు చాలు అన్నాను. ఆ మాటలో నాకు కొంత గర్వం కూడా ఉండేది.

కాగితం మీద నా పని సులువే. వినపడనివాళ్ళను వెతకాలి, ఆదివారం కూడిక పెట్టాలి, వాక్యం, అంటే బైబిలు మాట, చెప్పాలి. వెతకడం కష్టం కాలేదు. రంభలో చేపల బజారు దగ్గర, పాత్రపూర్ బస్సుల దగ్గర, ఛత్రపూర్ వైపు సముద్రపు ఒడ్డు పల్లెల్లో టీకొట్టు ముందు నిలబడి అడిగితే చాలు, "మా ఊర్లో ఒకడున్నాడమ్మా, మూగోడు" అని ఎవరో ఒకరు చేయి చూపించేవారు. ప్రతి ఊళ్ళోనూ ఒకడు. ఇద్దరున్న ఊరు నాకు అరుదుగా తగిలింది. వాళ్ళ కష్టమంతా ఆ ఒక్కడు అన్న మాటలోనే ఉందని నాకు అప్పుడు బుర్రకెక్కలేదు.

బరంపురంలో ఒక పట్టుచీరల దుకాణం మీద మేడగది అద్దెకు తీసుకున్నాం. మొదటి పనిగా ప్రసంగపు బల్లను ఎదుటి గోడకు మార్పించాను. కిటికీ వెనకనుంటే మనిషి ముఖం నల్లగా కనపడుతుంది, చేతులు నీడలో కలిసిపోతాయి. చీర కూడా ముదురు రంగు, అచ్చులేనిది కట్టాలి. పువ్వుల చీర కట్టి సైగ చేస్తే, రైల్వే స్టేషన్లో మైకు పెట్టి గుసగుసలాడినట్టే, ఒక్క ముక్క అందదు. ఇవన్నీ పద్ధతి ప్రకారం చేశాను. అన్నీ చేసి, ఆదివారం నిలబడి వాక్యం మొదలుపెడితే, ఒక్కరు నా వైపు చూడలేదు.

కుర్చీలు గుండ్రంగా తిప్పేసుకున్నారు. చేతులు ఆడుతున్నాయి, ముఖాలు వెలుగుతున్నాయి, పకపకా నవ్వులు. నేను నేల మీద కాలితో తన్నాను. వినపడనివాళ్ళను పిలవాలంటే అదే పద్ధతి, అదురు కాళ్ళకు తెలుస్తుంది. అందరూ ఒకసారి నా వైపు చూసి, దండం పెట్టి, మళ్ళీ వాళ్ళ కబుర్లలో పడ్డారు. కింద నుంచి పట్టుచీరల ఆసామి మాత్రం పరుగెత్తుకుంటూ పైకి వచ్చాడు, సున్నం రాలి చీరల మీద పడుతోందని.

వాళ్ళలో పద్మ అనే అమ్మాయి ఉండేది. పాత్రపూర్ దగ్గర తెలుగు రైతుల పిల్ల, కుట్టుపని చేస్తుంది. చిన్నప్పుడు కొన్నేళ్ళు బధిరుల బడిలో చదివి, సైగల భాష, కొంచెం ఒడియా రాత నేర్చుకుని ఇంటికి చేరింది. ఇంటికి చేరాక ఆ భాషలో మాట్లాడే మనిషే లేడు. "ఊళ్ళో నాతో మాట్లాడేది మా గేదె ఒక్కటే, అదీ తోకతో" అని ఒకసారి నాకు చెప్పింది. చెప్పి నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఇంకొకడు కొర్లయ్య. ఒడ్డు మీద తెలుగు పల్లెవాడు, పాతికేళ్ళవాడు, తండ్రి లేడు, తల్లి నూకాలమ్మ చేపలమ్ముతుంది. బడి మొహం చూడలేదు. ఇంట్లో పుట్టిన నాలుగైదు సైగలు తప్ప వాడికి భాషే లేదు. వచ్చిన కొత్తలో గోడవారన కూర్చుని అందరి చేతులూ నోరు తెరుచుకుని చూసేవాడు. పద్మ వాడికి ఒక్కొక్క సైగే నేర్పింది. దీపావళి దాటేసరికి వాడే అందరినీ ఆటపట్టిస్తున్నాడు. తెల్లారి పడవ దిగి, వలలు దులిపి, ఉప్పు కడుక్కోకుండానే బస్సెక్కి వచ్చేసేవాడు. ఆ మేడగది తప్ప గంజాం జిల్లాలో వాళ్ళందరూ కలిసి మాట్లాడుకునే చోటు ఇంకొకటి లేదు. నేను చెప్పే వాక్యం, ఆ చోటుకు అద్దె కింద వాళ్ళు ఓర్చుకునే బాధ.

వినేవాళ్ళు కూడా ఊరికే వినేవారు కాదు. ప్రభువు సముద్రంలో తుఫాను అణిచిన కథ ఒక ఆదివారం చాలా కష్టపడి చెప్పాను. చేతులతో అలలు లేపాను, పడవను ఊపాను. కొర్లయ్య లేచి, ఆ పడవకు ఎవరు సరంగు, ఆకాశం చూడకుండా ఒడ్డు ఎలా వదిలాడు, అందరూ ఒకే పక్క ఎందుకు కూర్చున్నారు అని నిలదీశాడు. అందరూ ఒకే పక్క కూర్చున్నారని నేను చెప్పలేదు, నా చేతులు అలా పెట్టానట. నాకు చిర్రెత్తుకొచ్చి చూపుడు వేలు ఆడించాను. బధిరుల్లో ప్రతి మనిషికీ ఒక సైగపేరు పెడతారు, పదేపదే అక్షరాలు రాయలేరు కదా. ఆ రోజు నుంచి నా పేరు ఆడే చూపుడు వేలు. చేసేదేం లేదు, ఒకసారి పెట్టాక ఆ పేరు మారదు.

నవంబరులో విశాఖపట్నం నుంచి ఒక విశ్వాసి మా కూడికకు కానుక పంపారు. రెండు పెద్ద స్పీకర్లు, మైకు, యాంప్లిఫయర్. నేను సూపర్వైజర్ గారికి ఫోన్ చేసి, "అయ్యగారూ, ఇది బధిరుల కూడిక" అని గుర్తు చేశాను. "తెలుసు సిస్టర్, అందుకే పెద్దవి పంపారు" అన్నారు. మావాళ్ళకు మాత్రం ఆ స్పీకర్లు ఎంతో నచ్చాయి. గట్టిగా డప్పు పాట పెట్టించుకుని, పెట్టె మీద రెండు అరచేతులూ ఆనించి, దరువు ఒంట్లోకి ఎక్కితే కళ్ళు పెద్దవి చేసి నవ్వేవారు. చెవిటివాళ్ళ గోల భరించలేకపోతున్నామని వీధివాళ్ళు వచ్చి నాకు మొరపెట్టుకున్నారు. ఆ మాట అంటూ అంటూ వాళ్ళకే నవ్వు వచ్చి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరిలో సూపర్వైజర్ గారు తనిఖీకి వచ్చారు. మంచి మనిషి, తెల్లటి దుస్తులు, జేబులో దువ్వెన. గదిలోకి వచ్చీ రాగానే తల దువ్వుకున్నారు, ఫోటోకు ముందు దువ్వుకున్నారు, తర్వాత కూడా దువ్వుకున్నారు. పావుగంటలో ఆయనకు సైగపేరు ఖాయమైపోయింది. ఆయన ప్రసంగాన్ని నేను సైగల్లోకి మార్చాను. చివర "కళ్ళు మూసుకొని ప్రార్థించుదము" అన్నారు.

బధిరుల కూడికలో ప్రార్థనకు కళ్ళు మూయరు. కళ్ళే చెవులు. అవి మూశాక ఇక వాళ్ళకు చేరే మాటేదీ ఉండదు. ఈ సంగతి ఆయనకు ముందే చెప్పాను. ఆయన, "సిస్టర్, ప్రార్థనలో కూడా దిక్కులు చూడటం నేర్పితే ఎలా?" అన్నారు. పై అధికారి మాట. కళ్ళు మూయమని సైగ చేశాను. బుద్ధిగా అందరూ మూశారు.

ఆయన సుదీర్ఘంగా ప్రార్థించారు. నా చేతులకు పని లేదు, కట్టుకుని నిలబడ్డాను. ఆమెన్ అయింది. ఒక్కరు కదల్లేదు. అయిందని వాళ్ళకు ఎవరు చెప్పాలి? నేను భుజాలు తట్టడానికి వెళ్ళబోతే ఆయన చేత్తో ఆపేశారు. ఆయన కళ్ళలో నీళ్ళు. "ఆత్మ దిగింది సిస్టర్, ముట్టుకోకండి" అని గుసగుసగా అని, ఫోన్ తీసి వరసల మధ్య నడుస్తూ వీడియో తీశారు. "చూడండి ప్రియులారా! బరంపురం బధిరులందరూ ప్రభువును అంగీకరించారు. ఈ లోకాన్నే మరిచి ప్రార్థిస్తున్నారు" అని ఆయన గొంతు అందులో స్పష్టంగా ఉంది. కెమెరా కొర్లయ్య మీద కాస్త ఎక్కువసేపు నిలిచింది. వాడు గడ్డం ఛాతీకి ఆనించి, పెదవులు కొద్దిగా తెరిచి, మహా భక్తిగా ఉన్నాడు.

ఆ వీడియో సంఘాల గ్రూపుల్లో తిరిగింది. తిరిగి తిరిగి గుజరాత్ రేవులో పనికి వెళ్ళిన పల్లె కుర్రాళ్ళ ఫోన్లలోకి, అక్కడి నుంచి తిరుగుటపాలో కొర్లయ్య ఊరికి చేరింది. నూకాలమ్మ కొడుకు కిరస్తానంలో కలిసిపోయాడని ఊరు ఊరంతా తేల్చేసింది. ఒడిశాలో మతం మారాలంటే ముందుగా అధికారులకు తెలియజేయాలి. ప్రలోభపెట్టి మార్చడం నేరం. ఊరి పెద్దలు ఫిర్యాదు రాసి నూకాలమ్మ చేత వేలిముద్ర వేయించారు. ముద్దాయిని నేను.

ఫిర్యాదు అందిన రోజే పట్టుచీరల ఆసామి మేడగదికి తాళం వేశాడు. విచారణలో తప్పు లేదని తేలితే తీస్తాను, తేలకపోతే సామాను పట్టుకెళ్ళిపొమ్మన్నాడు. ఆ ఆదివారం కూడిక లేదని అందరికీ కబురు పెట్టాను. అయినా వచ్చారు. మెట్ల మీద కూర్చుని, మెట్టుకొకరు మెడ తిప్పుకుంటూ మాట్లాడుకున్నారు. గది పోతుందా అని పద్మ అడిగింది. తెలియదన్నాను. అది మళ్ళీ అడిగింది.

సూపర్వైజర్ గారు విశాఖపట్నం నుంచి ఫోన్ చేశారు. గొంతు తగ్గింది. "సిస్టర్, ఎవరూ మారలేదని గట్టిగా చెప్పండి. కానీ మరీ గట్టిగా చెప్పకండి. హెడ్డాఫీసుకు తెలిస్తే..." అని నసిగారు. ఆయన బాధ నాకు అర్థమైంది. మారారంటే ప్రభుత్వం మూయిస్తుంది, మారలేదంటే మిషన్ మూయిస్తుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

విచారణ ఛత్రపూర్‌లో జరిగింది. విచారణాధికారి ఒడియా ఆయన, నెమ్మదస్తుడు, తెలుగు అర్థమవుతుంది. ఒక పక్క నూకాలమ్మ, ఊరి పెద్దలు. ఇంకో పక్క నేను, సూపర్వైజర్ గారు. మధ్యలో కొర్లయ్య, పద్మ. అధికారి కొర్లయ్యను ఒడియాలో పేరడిగారు. వాడు చిరునవ్వు నవ్వాడు. అధికారి గొంతు పెంచి అడిగారు. వాడింకా పెద్దగా నవ్వాడు. గుమాస్తా లేచి, "అయ్యా, మా పిన్నత్తకు చెవుడు, నాకు అలవాటే" అని, కొర్లయ్య చెవి దగ్గర వంగి కిటికీ అద్దాలు అదిరేలా అరిచాడు. ఊరి పెద్ద ఒకాయన ఉలిక్కిపడి కుర్చీలోంచి లేచాడు. కొర్లయ్య మాత్రం గుమాస్తా నోట్లో కిళ్ళీ రంగు చూసి పద్మకు ఏదో సైగ చేశాడు. పద్మ నవ్వాపుకుంటూ ముఖం తిప్పుకుంది.

సైగల భాష తెలిసిన మనిషి కావాలన్నారు అధికారి. బధిరుల బడి నుంచి పిలిపించిన టీచరు ఎన్నికల డ్యూటీలో ఉన్నారు, నెల దాకా రాలేరు. ఇక జిల్లాలో ఎవరున్నారని అడిగితే గదిలో అందరూ నా వైపు చూశారు. అధికారి పెన్ను కింద పెట్టి, "అంటే ముద్దాయి మీద సాక్ష్యాన్ని ముద్దాయే చెప్పాలా?" అన్నారు. నేను అవునన్నాను. ఆయన ఫ్యాను వైపు చూసి, చివరకు ఒక ఏర్పాటు చేశారు. అంతా వీడియో తీస్తారు, తర్వాత ఆ టీచరు సరిచూస్తారు. ఒడియా రాత వచ్చిన పద్మ చేత పక్కగదిలో అవే ప్రశ్నలకు రాతలో జవాబులు తీసుకుని పోల్చుకుంటారు. నా చేత ప్రమాణం చేయించారు.

ఇంటర్‌ప్రెటర్ పనికి కఠినమైన నియమం ఒకటుంది. ఎదుటివాడు చెప్పింది చెప్పినట్టు, వాడి నోటి మాటగానే చెప్పాలి. "అతను వచ్చానంటున్నాడు" అనకూడదు, "నేను వచ్చాను" అనాలి. తగ్గించకూడదు, కలపకూడదు, తిట్టినా తిట్టినట్టే చెప్పాలి. అంటే ఆ గదిలో నా నోటి వెంట వచ్చే 'నేను' నేను కాదు, కొర్లయ్య. ఈ సంగతి ముందుగా వివరించాను. గుమాస్తాకు అర్థం కాలేదు గానీ రాసుకున్నాడు.

మొదటి ప్రశ్న: ఈవిడ నిన్ను ప్రలోభపెట్టిందా?

కొర్లయ్యకు ప్రలోభం అనే సైగ తెలియదు. తెలియని మాటకు దృశ్యం కట్టి చూపించాలి, అదీ పద్ధతే. కనుక నన్ను నేను చూపించుకున్నాను. నడుము దగ్గర నుంచి డబ్బు తీసి వాడి ముందు ఆడించాను. కొత్త లుంగీ కట్టబెట్టాను. బియ్యం బస్తా భుజాన పెట్టాను. చెయ్యి పట్టుకుని గుళ్ళోంచి లాగాను, మెడ వంచి నీళ్ళలో ముంచాను. చివర కనుబొమలు పైకెత్తి ఆగాను. సైగల భాషలో ప్రశ్న కనుబొమల్లో ఉంటుంది. అవి ఎత్తితే 'ఇలా జరిగిందా' అని. ఎత్తకపోతే 'ఇలా జరిగింది' అని.

గదిలో కనుబొమలు చూసినవాడు కొర్లయ్య ఒక్కడే. ఊరి పెద్దలు, "సూసినారా బాబూ! ఆవిడే సేసి సూపెట్టేసింది!" అని లేచారు. గుమాస్తా చకచకా రాసేస్తున్నాడు. సూపర్వైజర్ గారు పాలిపోయి, "సిస్టర్! ఒప్పేసుకుంటున్నారేమిటి?" అని నా కొంగు పట్టుకోబోయారు. నేను ఆయనకు వేలు ఆడించి, అధికారికి కనుబొమల సంగతి చెప్పాను. ఆయన నన్ను రెండుసార్లు ఎత్తించి చూశారు. ఒకసారి ఆయనా ఎత్తారు. "కనుబొమలను రికార్డులో ఎలా రాయాలి?" అని తనలో తాను అనుకుని, గుమాస్తా రాసింది కొట్టేయించారు. ఈలోగా కొర్లయ్య రెండు చేతులూ గాల్లో ఆడిస్తున్నాడు. అవి బధిరుల చప్పట్లు. బస్తా మోసిన ముక్క మళ్ళీ చెయ్యమని అడుగుతున్నాడు.

అప్పుడు వాడి జవాబు మొదలైంది. నా నోటితో నేనే చెప్పాను: "డబ్బా? ఈవిడా? ఆదివారం ఉప్మా పెడుతుంది. ఉప్పుండదు. ఆ ఉప్మా కోసం కుక్క కూడా మతం మారదు."

అధికారి నా వైపు చూశారు. "మీరేం కలపలేదు కదా?" అన్నారు. "ఇలాంటివి ఎవరైనా కలుపుకుంటారా అండీ?" అన్నాను. నాకు గొంతు దాకా కోపం వచ్చింది. ఆ ఉప్మాకు నేను పొద్దున్నే లేచేదాన్ని.

మరి ఎందుకు వెళ్తావు?

"అక్కడ మాటలుంటాయి. మా ఊళ్ళో అందరికీ నోళ్ళు కదులుతాయి, నాకేం రాదు. అక్కడ అందరివీ చేతులు కదులుతాయి, అన్నీ వస్తాయి. ఈవిడ ముందు నిలబడి చాలాసేపు ఏదో చెబుతుంది. అది అయ్యేదాకా మేం మా మాటలు చెప్పుకుంటాం."

ఏం చెబుతుంది?

"ఒక పడవ కథ చెప్పింది. తప్పు. ఈవిడకు పడవ తెలియదు."

ఇప్పుడు ఏ దేవుడికి మొక్కుతావు?

"పడవ ఎక్కేముందు గంగమ్మకు మొక్కుతాను. ఆదివారం అక్కడి ఆయనకూ ఒక దండం పెడతాను. పెట్టకపోతే ఈవిడ వేలు ఆడిస్తుంది."

వీడియో చూపించారు. కళ్ళు మూసుకుని ఏం ప్రార్థించావని అడిగారు. కొర్లయ్య సూపర్వైజర్ గారి సైగపేరు చేశాడు. నాకు తప్పదు కదా: "ఆ తల దువ్వుకునే ఆయన కళ్ళు మూయమన్నాడు. తెరవమని ఎవరూ చెప్పలేదు. రాత్రంతా సముద్రం మీదున్నాను. నిద్రపోయాను." సూపర్వైజర్ గారి చెయ్యి అప్పటికే జేబులోని దువ్వెన మీద ఉంది. మెల్లగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆయన తేలు కుట్టిన దొంగలా కూర్చున్నారు. ఒక్కొక్క జవాబూ ఆయన్ను కేసులోంచి లాగుతోంది, ఉద్యోగంలోంచి తోస్తోంది.

నా సంగతి అంతకన్నా మెరుగేం కాదు. ఏడాది చేసిన పనంతా బూడిదలో పోసిన పన్నీరని ప్రమాణం చేసి, నా గొంతుతో, 'నేను' 'నేను' అంటూ ప్రభుత్వానికి చెప్పుకున్నాను. ఒక్క మాట మెత్తబరిస్తే పరువు కాస్త దక్కేది. మెత్తబరిస్తే ఆ పని చేసే అర్హత పోయేది. పద్మ రాసిన ఒడియా జవాబులు తెప్పించి పోల్చారు. దాదాపు ఇదే. ఉప్మా సంగతితో సహా. ఆఖరున మాత్రం అది ఎవరూ అడగని మాట ఒకటి రాసింది: గదికి తాళం తీయించండి.

అధికారి, ప్రలోభం గానీ మతమార్పు గానీ కనపడలేదని రాయించి, నూకాలమ్మ వైపు తిరిగి, ఇంకేమైనా అడగాలా అన్నారు.

అప్పటిదాకా ఆమె కొడుకు చేతుల వైపే చూస్తోంది. అన్ని మాటలు వాడిలో ఉన్నాయని ఆమెకు తెలియదు. కొంగు బిగించుకుని నాతో అంది: "టీచరమ్మా, ఈడు పుట్టి పాతికేల్లు. నాతోటి ఎప్పుడూ ఏటీ సెప్పనేదు. మీకందరికీ పేర్లెట్టినాడంట. మరి నన్నేటని పిలుత్తాడో అడగండమ్మా. అసలు పిలుత్తాడేటి?"

అడిగాను. కొర్లయ్య నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు. ఇది కూడా అడగాలా అన్నట్టు, బొటనవేలు, చూపుడువేలు కలిపి ఎడమ ముక్కుపుట నలిపాడు. రెండుసార్లు. నూకాలమ్మ ముక్కుకు ఎడమవైపే పెద్ద అడ్డబాస నగ ఉంది.

నియమం ప్రకారం మాటను మాటగానే చెప్పాలి. "అమ్మా" అన్నాను.

నూకాలమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓలమ్మో! అది పిలుపా! రొంపనుకున్నానమ్మా. సిన్నప్పట్నుంచీ నాకాసి సూసి ముక్కు నలుపుకుంతే, గుంటడికి రొంప పట్టీసిందని మిరియాల కసాయం కాసి నోట్లో పోసీసేదాన్ని. మొన్నా పోసినాను."

ఇదీ సాక్ష్యమే. ఇదీ చెప్పాలి. సైగల్లో చెప్పాను. కొర్లయ్య చెప్పింది నేను చెప్పాను, అధికారి మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను: "పిలిస్తే కషాయం పోస్తారు. అమ్మలంటే అంతే అనుకున్నాను."

నూకాలమ్మ, "మరి అంత సేదు పోత్తంతే ఎందుకు పిలిసీవోడివిరా?" అని నేరుగా వాడినే అడిగింది, వాడికి వినపడదన్న సంగతి మరిచిపోయి. నేను చేతులతో అడిగాను.

"వచ్చేది కదా" అన్నాడు.

గుమాస్తా పెన్ను ఆపేశాడు. అధికారి ఇది రికార్డులోకి అక్కర్లేదన్నారు. నూకాలమ్మ కొడుకు ఎదుట నిలబడి, తన ముక్కు తానే పట్టుకుని, తర్వాత వాడి గుండె మీద వేలు పెట్టి, కనుబొమలు ఎత్తింది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. నా పేరు అది, మరి నీకు నేనేం పేరు పెట్టాలి అని అడుగుతోంది. వాళ్ళిద్దరి మధ్య నాకు పని లేకపోయింది. బయటికి వచ్చి మంచినీళ్ళు తాగాను.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. ఫిర్యాదు మూసేశారు. పట్టుచీరల ఆసామి తాళం తీశాడు. జూన్‌లో హెడ్డాఫీసు, ఫలం లేని పరిచర్య అని మా విభాగాన్నే ఎత్తేసింది. సూపర్వైజర్ గారిని లెక్కల విభాగానికి మార్చారు, నేను విరమణ తీసుకున్నాను. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మేడగది పోయింది. నూకాలమ్మ ఊరి పెద్దల మీద పడి, తుఫానులప్పుడు తప్ప ఖాళీగా ఉండే సైక్లోన్ షెల్టరు ఆదివారాలు ఇప్పించింది. ఫిర్యాదు రాసిన పెద్దమనిషే తాళం తీసి, కుర్చీలు వేస్తాడు. ఇప్పుడక్కడ వాక్యం లేదు, ఉప్మా లేదు. వినపడనివాళ్ళతో పాటు వాళ్ళ తల్లులూ వస్తున్నారు. పద్మ వాళ్ళకు పాఠం చెబుతుంది. నేను వెళ్ళినప్పుడు వెనక వరసలో కూర్చుంటాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అప్పుడప్పుడు సలహా అడుగుతారు. వెలుతురు ముఖం మీద పడేలా నిలబడమంటాను, పువ్వుల చీర వద్దంటాను. కబురు చెప్పడానికి ఏ ఇంటికైనా వెళ్తే, నోరు తెరిచే ముందు, చెయ్యి ఎత్తే ముందు, ఆ ఇంట్లో అప్పటికే ఎవరు ఎవరిని పిలుస్తున్నారో చూడమంటాను. ఆ పిలుపు అందేలా చేశాక, మీ కబురుకు టైముంటే అప్పుడు చెప్పుకోండి.